ఆపరేషనల్ రీజన్స్ అన్నారని ఊరుకోకండి అక్కా

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు. గవర్నమెంటు స్కూల్లో టీచర్ని. మా అబ్బాయికి హైదరాబాద్‌లో అమెరికా వీసా ఇంటర్వ్యూ పడింది. ముందు రోజు సాయంత్రం ఆరున్నరకి రేణిగుంట నుంచి వెళ్లే విమానానికి ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాం, మా వీధిలోని ట్రావెల్స్ ఆయన దగ్గర, ఒక్కోటి 4,600. నాలుగున్నరకి ఎయిర్‌పోర్టుకు వెళ్తే కౌంటర్‌లో అమ్మాయి ఫ్లైట్ క్యాన్సిల్ అయింది, ఆపరేషనల్ రీజన్స్, మెసేజ్ పంపాం కదా అంది. మాకు ఏ మెసేజూ రాలేదు. ట్రావెల్స్ ఆయనకు ఫోన్ చేస్తే, వచ్చినట్టుందమ్మా, నేను చూసుకోలేదు అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఫ్లైట్ ఇస్తామన్నారు, ఇంటర్వ్యూ ఏమో పొద్దున తొమ్మిదికి. రైళ్లలో బెర్తులు దొరకలేదు. చివరికి 16,500 ఇచ్చి ట్యాక్సీ మాట్లాడుకుని రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లాం. టికెట్ డబ్బు వెనక్కి వేస్తామన్నారు, మూడు వారాలైంది, రాలేదు. ఇప్పుడేమో డబ్బుకు బదులు వోచర్ తీసుకోండి అని మెయిల్ వచ్చిందని ట్రావెల్స్ ఆయన వాట్సాప్‌లో పంపాడు. స్టాఫ్ రూములో ఒకరు ఒక్కొక్కరికి పదివేలు వస్తుంది అడగండి అంటున్నారు, ఇంకొకరు ఏమీ రాదు, టైమ్ వేస్ట్ అంటున్నారు. ఏది నిజం? ట్యాక్సీ డబ్బులు కూడా అడగొచ్చా?

జవాబు: అక్కా, ముందు ఆ వోచర్‌కి ఒప్పుకోకండి. ట్రావెల్స్ ఆయనకు ఇప్పుడే ఫోన్ చేసి, మీ తరఫున సరే అని నొక్కొద్దని గట్టిగా చెప్పండి. మిగతా సంగతులు తర్వాత. నష్టపరిహారం క్యాష్‌గానో బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గానో ఇవ్వాలి, వోచర్ ఇవ్వాలంటే ప్రయాణికుడు సంతకం పెట్టి ఒప్పుకోవాలి అని రూల్లోనే ఉంది. టికెట్ డబ్బు కూడా అంతే, దాన్ని వాళ్ల దగ్గరే క్రెడిట్‌గా ఉంచుకోవాలా, వెనక్కి తీసుకోవాలా అన్నది మీ ఇష్టం. మీరు ఒప్పుకుంటేనే వోచర్. అబ్బాయి చదువు ఖర్చులు ముందున్నప్పుడు ఎప్పుడో ఎక్కబోయే విమానానికి కూపను పెట్టుకుని ఏం చేస్తాం?

మీ స్టాఫ్ రూములో ఇద్దరు చెప్పిందీ సగం సగమే నిజం. పదివేలు అన్నది గరిష్ఠం, అందరికీ వచ్చేది కాదు. ఏమీ రాదు అన్నది అయితే ఇంకా తప్పు, ఇలా అనుకునే చాలామంది తమకు రావాల్సింది వదిలేసుకుంటున్నారు.

మన దేశంలో దీనికి డీజీసీఏ, అంటే ఎయిర్‌లైన్స్‌ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ, వాళ్ల నిబంధన ఒకటుంది. సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్స్, సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4. 2010లో వచ్చింది, ఆ తర్వాత కొన్నిసార్లు మార్చారు. ఈ పేరు కాగితం మీద రాసిపెట్టుకోండి, ఫిర్యాదులో ఇదే పేరు పడాలి. అందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి: ఫ్లైట్ రద్దు కావడం, ఆలస్యం కావడం, టికెట్ ఉండి టైముకు వెళ్లినా సీట్లు నిండాయని ఎక్కించుకోకపోవడం. మూడింటికీ లెక్కలు వేరు. మీది రద్దు, కాబట్టి దాని గురించే వివరంగా రాస్తాను.

రద్దులో అసలు ప్రశ్న ఒక్కటే, ఎప్పుడు చెప్పారు? రెండు వారాల ముందే చెబితే వేరే ఫ్లైట్ ఇవ్వాలి లేదా డబ్బు వెనక్కివ్వాలి, అంతకు మించి ఏమీ ఉండదు. రెండు వారాల లోపు, కానీ కనీసం 24 గంటల ముందు చెబితే, వేరే ఫ్లైట్ చూపించాలి, లేదంటే డబ్బు వెనక్కి, ఏది కావాలో మీరు చెప్పాలి. ఇవేవీ చేయకుండా 24 గంటల లోపు చెప్పారనుకోండి, లేదా అసలు చెప్పనే లేదనుకోండి, అప్పుడు మీరు ఒప్పుకునే వేరే ఫ్లైట్ అయినా ఇవ్వాలి, లేదంటే టికెట్ డబ్బు మొత్తంతో పాటు నష్టపరిహారం కూడా ఇవ్వాలి. ప్రయాణం షెడ్యూలు ప్రకారం గంట లోపుదైతే 5,000, గంట దాటి రెండు గంటల లోపైతే 7,500, రెండు గంటలు దాటితే 10,000. రేణిగుంట నుంచి హైదరాబాద్‌కి గంట పైచిలుకు ప్రయాణం, కాబట్టి మీది 7,500 లెక్కలోకి వస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఆ 7,500 లేదా మీ టికెట్‌లోని బేసిక్ ఫేర్, ఫ్యూయల్ చార్జి కలిపిన మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. మీ 4,600లో ఎయిర్‌పోర్టు ఫీజులు, జీఎస్టీ పోను బేసిక్ 3,300, ఫ్యూయల్ 400 ఉన్నాయనుకుందాం, అప్పుడు ఒక్కొక్కరికి వచ్చే పరిహారం 3,700. ఇద్దరికీ 7,400. దానికి తోడు టికెట్ డబ్బు మొత్తం 9,200 ఎలాగూ వెనక్కి రావాలి, వాళ్లే రద్దు చేశారు కాబట్టి క్యాన్సిలేషన్ చార్జి అని ఒక్క రూపాయి కూడా కోయకూడదు. మీ టికెట్ పీడీఎఫ్ కింద చూస్తే ఈ విడివిడి లెక్క ఉంటుంది. ఏజెంట్లు కొందరు మొత్తం ధర మాత్రమే కనిపించేలా ప్రింటు ఇస్తారు, అలాంటప్పుడు ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్ఆర్ కొట్టి ఇన్‌వాయిస్ తీసుకోండి.

రీఫండ్ తీసుకున్నారు కదా, ఇక పరిహారం లేదు అని కస్టమర్ కేర్ వాళ్లు చెప్పొచ్చు. చాలామందికి అదే చెబుతారు. ఒప్పుకోవద్దు. 24 గంటల లోపు రద్దు చేసినప్పుడు రీఫండ్‌తో పాటు పరిహారం అని రూల్లో స్పష్టంగా ఉంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన సంగతికి వస్తాను. మెసేజ్ ట్రావెల్స్ ఆయనకు వెళ్లింది, మీకు రాలేదు. అంటే బుకింగ్‌లో మీ నంబరు కాకుండా ఆయన నంబరు, ఆయన మెయిల్ పెట్టాడు. మన చిత్తూరు, తిరుపతి వైపు ఇది మామూలైపోయింది, మా ఇంట్లో పెద్దవాళ్లకు తీసిన టికెట్లలో కూడా చూశాను. ఏజెంటుకు ఒకే లాగిన్ ఉంటుంది, అందరి టికెట్లకూ అదే నంబరు పడుతూ పోతుంది, రోజుకు పది మెసేజీలు వస్తే ఏది ఎవరిదో ఆయనకూ తెలియదు. కానీ రూల్లో ఒక మాట ఉంది, ప్రయాణికుడు తనను చేరుకోవడానికి సరైన వివరాలు ఇవ్వకపోతే ఎయిర్‌లైన్ పరిహారం ఇవ్వనక్కర్లేదు అని. మీరు గట్టిగా అడిగితే వాళ్లు మొదట దీన్నే అడ్డం పెడతారు.

అందుకని ఆ మెసేజ్ ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చిందన్నది తెలియాలి. మీ కేసు మొత్తం దాని మీదే నిలబడుతుంది. ఆ రోజు మధ్యాహ్నమే వచ్చి ఉంటే ఎవరి నంబరుకు వచ్చినా 24 గంటల లోపే కదా, ఆయన చూసుకున్నా చూసుకోకపోయినా పరిహారం మీరు గట్టిగా అడగొచ్చు, నంబరు గొడవ ఇక్కడ అడ్డం రాకూడదు. అలా కాకుండా రెండు రోజుల ముందే వచ్చి, ఆయన చూడకుండా వదిలేసి ఉంటే మాత్రం కథ మారుతుంది. ఎయిర్‌లైన్ మేం ముందే చెప్పాం అంటుంది, వాళ్ల మాటకు బలం ఉంటుంది. అప్పుడు మీ తగవు చాలావరకు ట్రావెల్స్ ఆయనతోనే. సర్వీసు చార్జీ తీసుకుని టికెట్ అమ్మినవాడు కస్టమర్‌కి రద్దు సంగతి చెప్పకపోవడం కూడా వినియోగదారుల చట్టం ప్రకారం సేవాలోపమే. ఒకే వీధిలో ఉండేవాళ్లు, రేపు మళ్లీ ముఖం చూసుకోవాలి, అది నాకూ తెలుసు. ఆయన మీద కేసు పెట్టమని చెప్పడం లేదు, నిజంగా ఏం జరిగిందో తేలకుండా ఎవరిని అడగాలో తెలియదు కాబట్టి చెబుతున్నాను. మంచిగానే అడిగి, మెసేజ్ తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. మెయిల్ కూడా వచ్చి ఉంటే దాన్ని మీ మెయిల్‌కి ఫార్వర్డ్ చేయించుకోండి.

రెండో సంగతి కారణం. ఆపరేషనల్ రీజన్స్ అన్న మాటకు అర్థం ఏదైనా కావచ్చు. విమానం రిపేరైనా అదే, పైలట్ దొరక్కపోయినా అదే, టికెట్లు సరిగా అమ్ముడుపోకపోయినా అదే. కారణాన్ని బట్టే డబ్బు రావడం, రాకపోవడం ఉంటుంది కాబట్టి ఈ మాటతో సరిపెట్టుకుంటే నష్టపోయేది మీరే. రూలు ప్రకారం ఎయిర్‌లైన్ చేతిలో లేని కారణాలకు పరిహారం ఉండదు: తుపాను, వరద లాంటి ప్రకృతి వైపరీత్యం, వాతావరణం, అల్లర్లు, ప్రభుత్వ ఆదేశం, సమ్మె, భద్రతా సమస్య, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఆపడం, ఇలాంటివి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి చెన్నై ఎయిర్‌పోర్టు రన్‌వే మీద నీళ్లు నిలిచి మూతపడింది గుర్తుందా, అప్పుడు ఇరుక్కున్నవాళ్లు పరిహారం అడిగితే రూలు ఒప్పుకోదు, టికెట్ డబ్బు మాత్రం వెనక్కి రావాలి. అందులో అన్యాయం ఏమీ లేదు, తుపానులో విమానం నడపమని ఎవరం అడగం.

కానీ సిబ్బంది సరిపోకపోవడం తుపాను కాదు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఒక పెద్ద ఎయిర్‌లైన్ విమానాలు దేశమంతా వేల సంఖ్యలో రద్దయ్యాయి, పైలట్ల డ్యూటీ గంటలు, విశ్రాంతి గురించి కొత్త నిబంధనలు వస్తాయని ముందే తెలిసినా దానికి తగ్గట్టు సిబ్బందిని చూసుకోకపోవడం అందులో పెద్ద కారణం. పెళ్లిళ్లకు, పరీక్షలకు, ఆస్పత్రులకు వెళ్లాల్సినవాళ్లు ఎయిర్‌పోర్టుల్లో నేల మీద పడుకున్నారు. ఇలాంటివి ఎయిర్‌లైన్ తన ఇంట్లో సర్దుకోవాల్సిన సంగతులు, మన నెత్తిన వేయడానికి లేదు. విమానంలో సాంకేతిక లోపం అంటే కొంచెం వాదన ఉంటుంది, వాళ్లు మా చేతిలో లేనిదే అంటారు, మనం విమానాన్ని బాగా ఉంచుకోవడం మీ పనే కదా అంటాం. అక్కడ రాతలో ఏం చెప్పారన్నదే ముఖ్యం.

అందుకే కారణం రాతపూర్వకంగా అడగండి. ఫలానా తేదీ, ఫలానా నంబరు ఫ్లైట్ ఏ కారణం వల్ల రద్దయిందో తెలియజేయండి అని ఒకే వాక్యంలో. వాతావరణం అని జవాబిస్తే సరిచూసుకునే దారులున్నాయి. ఆ సాయంత్రం రేణిగుంట నుంచి మిగతా విమానాలు వెళ్లాయా? హైదరాబాద్‌లో దిగాయా? విమానాల రాకపోకలు చూపించే సైట్లలో పాత రోజులవి కూడా కొంతకాలం ఉంటాయి, ఆ తర్వాత ఉచితంగా చూపించకపోవచ్చు కాబట్టి వెంటనే చూసి, దొరికితే స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. ఆరింటికి ఒకటి, ఏడింటికి ఒకటి మామూలుగా ఎగిరి, మధ్యలో మీది ఒక్కటే ఆగిందంటే వాతావరణం అన్న మాట నిలబడదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా అమ్మను తీసుకుని హైదరాబాద్ నుంచి రేణిగుంట వస్తుంటే ఫ్లైట్ బయల్దేరే మూడు గంటల ముందు రద్దు చేశారు. అమ్మకు షుగర్, టైముకు తినాలి, ఆ రాత్రి ఆమె కుర్చీలో కూర్చుని పడ్డ బాధ చూసి ఇంటికొచ్చాక కోపంతో మూడు పేజీల మెయిల్ రాశాను. అసౌకర్యానికి చింతిస్తున్నాం అని రెండు లైన్ల జవాబొచ్చింది. తర్వాత ఒక వకీలు స్నేహితుడు చెబితే మళ్లీ రాశాను, ఈసారి ఎనిమిది లైన్లు, పీఎన్ఆర్, తేదీ, ఎన్ని గంటలకు చెప్పారు, ఏ రూలు, ఎంత డబ్బు, ఏ అకౌంటు, ఎన్ని రోజుల్లో. పదిహేను రోజుల్లో డబ్బు పడింది. మన బాధ నిజమే, కానీ ఆ మెయిల్ చదివేవాళ్లకు తప్పించుకోవడానికి వీల్లేని వివరాలు కావాలి, అవి పైన ఉండాలి.

మీరు రాయాల్సింది ఇలా ఉండొచ్చు, ఇంగ్లీషులో రాస్తే జవాబు త్వరగా వస్తుంది, మీరు టీచరే కాబట్టి ఇబ్బంది లేదు:

"నా పీఎన్ఆర్ ఇది. ఫలానా తేదీన తిరుపతి నుంచి హైదరాబాద్ వెళ్లాల్సిన ఫలానా నంబరు ఫ్లైట్‌ను మీరు రద్దు చేశారు. ఆ సంగతి మాకు అదే రోజు ఇన్ని గంటలకు తెలిసింది, అంటే 24 గంటల లోపు. మీరు చూపించిన వేరే ఫ్లైట్ మర్నాటి మధ్యాహ్నానిది, మా పనికి ఉపయోగపడనిది. డీజీసీఏ సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్స్ సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4 ప్రకారం ఇద్దరు ప్రయాణికుల టికెట్ డబ్బు పూర్తిగా, దానికి అదనంగా ఒక్కొక్కరికి ఇంత నష్టపరిహారం ఇవ్వాలి. వోచర్ మాకు సమ్మతం కాదు. రద్దుకు కారణం రాతపూర్వకంగా తెలియజేయండి. ట్యాక్సీకి అయిన 16,500 కూడా చెల్లించాలని కోరుతున్నాం, రసీదులు జత చేశాం. 15 రోజుల్లో పరిష్కరించకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం."

ఇది మీ సొంత మెయిల్ నుంచే వెళ్లాలి, ట్రావెల్స్ ఆయన మెయిల్ నుంచి కాదు. ఎయిర్‌లైన్ సైట్‌లో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్, ఆయన పైన అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీ వివరాలు ఉంటాయి, మామూలు కస్టమర్ కేర్‌కి కాకుండా నోడల్ ఆఫీసర్‌కి పంపండి. ఫోన్లో మాట్లాడితే ఏ ఆధారమూ మిగలదు. చాట్‌లో మాట్లాడితే స్క్రీన్‌షాట్లు తీసుకోండి.

రీఫండ్ ఎక్కడ ఆగిందో కూడా కనుక్కోండి. ఏజెంటు దగ్గర కొన్న టికెట్ డబ్బు ఎయిర్‌లైన్ నుంచి ముందు ఏజెంటు ఖాతాకు వెళ్తుంది, అక్కడి నుంచి మీకు. చాలాసార్లు డబ్బు వచ్చి ఆయన వాలెట్‌లో కూర్చుని ఉంటుంది, ఆయనా గమనించడు. ఎయిర్‌లైన్ ఏమో ఏజెంటును అడగండి అంటుంది, ఏజెంటు ఏమో ఎయిర్‌లైన్ నుంచి రాలేదంటాడు, మధ్యలో మీరు తిరుగుతుంటారు. దీనికి కూడా రూలుంది, ఏజెంట్లు ఎయిర్‌లైన్ నియమించుకున్న ప్రతినిధులే కాబట్టి రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే. ఎంత డబ్బు, ఏ తేదీన, ఏ రిఫరెన్సు నంబరుతో పంపారో చెప్పమని ఎయిర్‌లైన్‌ని అడగండి, ఆ నంబరు పట్టుకుని ట్రావెల్స్ ఆయన దగ్గర కూర్చుంటే అరగంటలో తేలిపోతుంది.

ఎయిర్‌లైన్ జవాబివ్వకపోయినా, తిప్పి పంపినా ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టండి. అది పౌర విమానయాన శాఖ వాళ్లది, సైటూ ఉంది, యాప్ కూడా ఉంది, డబ్బేమీ కట్టనక్కర్లేదు. అక్కడ పెట్టిన ఫిర్యాదు నంబరుతో సహా నమోదవుతుంది, ఎయిర్‌లైన్ దానికి జవాబివ్వాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా కంపెనీతో మాట్లాడతారు, తెలుగులో కూడా చెప్పుకోవచ్చు. మామూలు రీఫండ్, పరిహారం గొడవలు చాలావరకు ఈ మెట్టు దగ్గరే తెగిపోతాయి, నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఇంతకంటే పైకి వెళ్లాల్సిన పని పడలేదు.

ట్యాక్సీ డబ్బు సంగతి వేరు. డీజీసీఏ రూల్లో ట్యాక్సీ లేదు, హోటల్ బుకింగ్ పోవడం లేదు, దర్శనం స్లాటు పోవడం లేదు. అక్కడ లెక్కగట్టిన మొత్తమే ఉంటుంది. కాబట్టి ఎయిర్‌లైన్ మంచితనంతో ఇస్తే తప్ప 16,500 ఆ దారిలో రాదు. దానికి వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ సేవలో లోపం వల్ల మీకు నిజంగా ఎంత నష్టం జరిగిందో చూస్తారు, టికెట్ ధర దగ్గరే ఆగరు.

ఇందుకు నాకు ధైర్యం ఇచ్చిన తీర్పు విమానానిది కాదు, రైలుది. రాజస్థాన్‌కి చెందిన ఒకాయన కుటుంబంతో జమ్మూకి రైల్లో వెళ్లి అక్కడి నుంచి శ్రీనగర్‌కి విమానం ఎక్కాలి. రైలు నాలుగు గంటలు లేటై విమానం తప్పింది, ట్యాక్సీలో వెళ్లారు. వినియోగదారుల ఫోరంలో గెలిస్తే రైల్వే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆయన పక్షానే నిలిచింది, ట్యాక్సీకి 15,000, బుకింగులు పోయినందుకు 10,000, మానసిక వేదనకు, ఖర్చులకు విడిగా ఇవ్వాలన్న ఆదేశాన్ని సమర్థించింది. ఆలస్యానికి కారణం తమ చేతిలో లేనిదని రుజువు చేయాల్సింది సేవ చేసేవాళ్లే, రుజువు చేయకపోతే చెల్లించాల్సిందే అని కోర్టు చెప్పింది. మీ కేసులో కూడా అడగాల్సిన ప్రశ్న అదే కదా, ఆపరేషనల్ అంటే ఏమిటో మీరు చూపించండి అని.

కమిషన్ అంటే భయపడకండి. వకీలు తప్పనిసరి కాదు, మీరే వెళ్లి చెప్పుకోవచ్చు. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, ఎయిర్‌లైన్ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా గురుగ్రామ్‌లో ఉన్నా చిత్తూరులోనే వేయండి. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా ఫైల్ చేయొచ్చు. టైము మాత్రం పడుతుంది, వాయిదాలుంటాయి, నెలలు గడుస్తాయి, ఆ సంగతి ముందే తెలుసుకుని దిగండి. పరిహారం, రీఫండ్ ముందు ఎయిర్‌సేవ దారిలో రాబట్టుకుని, ట్యాక్సీ కోసం కమిషన్‌కు వెళ్లాలా వద్దా అన్నది ఆ తర్వాత ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. నేనైతే వేస్తాను. కానీ సెలవులు పెట్టుకోవాల్సింది మీరు. ఒక్క జాగ్రత్త, ఎయిర్‌లైన్ డబ్బు ఇస్తూ ఇదే ఫైనల్ సెటిల్‌మెంట్, ఇక ఏ క్లెయిమూ లేదు అని మెయిల్‌లో ఒప్పించుకోవాలని చూస్తే, ట్యాక్సీ క్లెయిము మాకు ఇంకా ఉంది అని రాసి పంపండి.

ట్యాక్సీకి ఆధారాలు ఏమున్నాయి? డ్రైవరుకు ఫోన్‌పేలో కొట్టి ఉంటే ఆ రికార్డు, ట్యాక్సీ వాళ్లిచ్చిన బిల్లు, దారిలో టోల్ రసీదులు. బిల్లు ఇవ్వకపోయి ఉంటే ఇప్పుడైనా బండి నంబరు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అన్నవి రాసి సంతకం పెట్టిమ్మని అడగండి. అబ్బాయి ఇంటర్వ్యూ అపాయింట్‌మెంట్ కాగితం కూడా జత చేయండి, మర్నాడు మధ్యాహ్నం ఫ్లైట్ ఎందుకు వద్దన్నారో అదే చెబుతుంది. బెర్తులు లేవని చూపించే రైల్వే యాప్ స్క్రీన్‌షాట్ ఆ రోజు తీసి ఉంటే మరీ మంచిది, లేకపోతే పర్వాలేదు.

ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం ఆలస్యం గురించి రెండు మాటలు, ఎందుకంటే రద్దు కంటే అదే ఎక్కువ జరుగుతుంది. మన దగ్గర ఎంత లేటైనా డీజీసీఏ రూల్లో నగదు పరిహారం లేదు, ఇది నాకు నచ్చని సంగతి, కానీ ఉన్నది అదే. రేణిగుంట నుంచి హైదరాబాద్, విశాఖ, బెంగళూరు లాంటి రెండున్నర గంటల లోపు ప్రయాణాలకు రెండు గంటలు దాటి లేటైతే తినడానికి, తాగడానికి ఇవ్వాలి, మీరు టైముకు చెక్-ఇన్ అయి ఉండాలి అంతే. అడగండి. అడిగినవాళ్లకే ఇస్తున్నారు చాలాచోట్ల, పిల్లలతో, పెద్దవాళ్లతో ఉన్నవాళ్లు ఆకలితో కూర్చోవద్దు. ఆరు గంటలు దాటుతుందంటే ఆరు గంటల లోపు వేరే ఫ్లైట్ లేదా పూర్తి రీఫండ్, ఏది కావాలో మీరు ఎంచుకోవచ్చు. 24 గంటలు దాటినా, లేదా రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజామున మూడు లోపు బయల్దేరాల్సిన ఫ్లైట్ ఆరు గంటలు దాటి లేటైనా హోటలు, అక్కడికి తీసుకెళ్లి తీసుకురావడం వాళ్లదే. ఇక సీట్లు నిండాయని ఎక్కించుకోకపోతే, గంట లోపు వేరే ఫ్లైట్ ఇస్తే ఏమీ రాదు, 24 గంటల లోపు పంపితే బేసిక్ ఫేర్, ఫ్యూయల్ చార్జి కలిపి దానికి రెండింతలు, గరిష్ఠంగా 10,000, అది కూడా దాటితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000. మన జిల్లాల నుంచి కువైట్, దుబాయ్ వెళ్లేవాళ్లు చెన్నై నుంచి ఎక్కువగా ఎక్కుతారు, విదేశీ ప్రయాణాల్లో ఆలస్యం వల్ల జరిగిన నష్టానికి మాంట్రియల్ ఒప్పందం అనే అంతర్జాతీయ విమాన ప్రయాణ ఒప్పందం కింద దారి ఉంది, మనదేశం 2009లో అందులో చేరింది. యూరప్ నుంచి బయల్దేరే ఫ్లైట్ అయితే అక్కడి చట్టం ఇంకా గట్టిది, దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా ఇస్తారు. వాటి గురించి ఎవరైనా అడిగితే విడిగా రాస్తాను.

తిరుమలకు విమానంలో వచ్చే బంధువులకు మీరు టికెట్లు తీయించేటప్పుడు కూడా ఏజెంటు కంప్యూటరు ముందు కూర్చుని, ప్రయాణికుల సొంత మొబైల్ నంబరు పడిందో లేదో చూసి లేవండి. ఇప్పటికే తీసిన టికెట్లుంటే ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్ఆర్ పెట్టి నంబరు మార్చుకోవడానికి వీలుంటుంది, కొన్నింటికి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలి.

రాత్రంతా మేలుకుని ట్యాక్సీలో వెళ్లి పొద్దున తొమ్మిదికి ఇంటర్వ్యూలో నిలబడ్డ మీ అబ్బాయికి వీసా వచ్చిందో లేదో రాయలేదు మీరు, వచ్చి ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఈ రోజు స్కూలు నుంచి ఇంటికెళ్తూ ట్రావెల్స్ దగ్గర ఆగి ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఆయన ఫోన్‌లో పాత మెసేజీలు తీసేయకముందే. తేదీ, టైము నాకు పంపితే మెయిల్‌లో ఏ మాట మార్చాలో చెబుతాను.